పలెర్మోలో శనగపిండి, నిమ్మకాయ, వరస

సిసిలీ ద్వీపానికి రాజధాని పలెర్మో. అక్కడి బల్లారో సంతలో మొదట ఏం తినాలని తెలుగువాళ్ళు అడిగితే నా జవాబు ఒక్కటే: పనెల్లె. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, కాస్త పార్స్లీ ఆకు, అంతే. కారం ఉండదు, వాము ఉండదు, సోడా ఉండదు. నూనెలో వేయించిన పలచటి బిళ్ళల్ని నువ్వులద్దిన మఫాల్దా అనే బన్నులో ఐదారు పేర్చి, నిమ్మకాయ పిండి చేతికిస్తారు. బజ్జీల రుచి తెలిసిన నాలుకకు ముందు చప్పగా తోస్తుంది. రెండో కొరుకుకి శనగల కమ్మదనం తెలుస్తుంది.

క్రీ.శ. 831లో పలెర్మో అరబ్బుల చేతికి చిక్కింది. 1072లో నార్మన్లు వచ్చేదాకా వాళ్ళ ఏలుబడే. పనెల్లె ఆ రోజుల నుంచి వస్తోందని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఇంట్లో చేసి చూస్తే బండి దగ్గర నిలబడి ఏం గమనించాలో అర్థమవుతుంది. అర కిలో పిండికి లీటరున్నర నీళ్ళు. పిండిని చన్నీళ్ళలోనే, కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. వేడినీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా ఆ ఉండలు విడవవు. జల్లెడలో వడకట్టి, ఉప్పు వేసి, మధ్యస్థంగా ఉన్న మంట మీద చెయ్యి ఆపకుండా తిప్పాలి. సుమారు ఇరవై నిమిషాలకు ముద్ద గిన్నె అంచులు వదులుతుంది. అక్కడికి రాకముందే దించేస్తే పచ్చివాసన పోదు, బిళ్ళ నూనెలో విరుగుతుంది. తరిగిన పార్స్లీ కలిపి, వేడి మీదే మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పరవాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ముద్ద బిగుసుకుపోయి సాగదు. చల్లారాక కోసి, బాగా కాగిన నూనెలో లేత బంగారు రంగు వచ్చేదాకా వేయిస్తారు. నూనె చాలినంత కాగకపోతే బిళ్ళ దాన్ని పీల్చేసి బరువెక్కుతుంది. మన శనగపిండి పొట్టు తీసిన శనగపప్పుతో ఆడింది, వాళ్ళది తెల్ల శనగల పిండి. మన పిండితోనూ పనెల్లె కుదురుతుంది, వాసన మాత్రం కొంచెం ఘాటు.

కాబట్టి ముందే వేయించి పళ్ళెంలో గుట్టపోసిన బండికన్నా, అడిగాక మూకుట్లో వేసేచోట రెండు నిమిషాలు ఆగడం మేలు.

ఇక వరస. బండి ముందు మనుషులు గుంపుగా నిలబడినట్టే కనిపిస్తారు, కానీ ఎవరి తర్వాత ఎవరో అక్కడున్నవాళ్ళకు తెలుసు. ఇటలీలో చాలాచోట్ల వాడే చిన్న ప్రశ్న ఒకటుంది: "కి ఎ లుల్తిమో?" అంటే, ఆఖరున ఉన్నది ఎవరు? ఎవరో చెయ్యెత్తుతారు, వాళ్ళ తర్వాత మీరు. మీ తర్వాత వచ్చినవాళ్ళు అడిగితే మీరు చెయ్యెత్తాలి. ఈ ఒక్క ముక్క నేర్చుకుంటే చాలు, వరసలో దూరారన్న మాట పడదు. అంతకన్నా ముందు "బువొన్‌జోర్నో" చెప్పండి. పలకరింపు లేకుండా వేలు చూపించి "రెండు" అనడం అక్కడ మోటు. బార్లలో, అంటే కాఫీ, చిరుతిళ్ళ అంగళ్ళలో, చాలాచోట్ల ముందు కాసా అనే డబ్బు కట్టే బల్ల దగ్గర డబ్బు కట్టి, ఆ రసీదు కౌంటర్లో చూపించాలి. బండి దగ్గర నేరుగా ఇచ్చేయొచ్చు. చిల్లర యూరోలు దగ్గర పెట్టుకోండి, ఒక బన్ను కోసం పెద్ద నోటు తీస్తే వెనకున్నవాళ్ళంతా ఆగాలి. ధర మీద బేరం వద్దు. కూరగాయల బల్లల దగ్గర పళ్ళు మనం తాకకూడదు, చూపిస్తే వాళ్ళే ఏరి ఇస్తారు.

శాకాహారులు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. "సెన్జా కార్నె" అంటే మాంసం లేకుండా అని అర్థమే, కానీ పంది మాంసపు ప్రోషూత్తోనో, ఆంచోవీ చేపనో కార్నె కింద లెక్కపెట్టనివాళ్ళు ఉంటారు. కాబట్టి ఒక్కొక్క పేరూ చెప్పి అడగాలి: "చె ప్రోషూత్తో? చి సోనో అచ్చూగె?" అంటే, ప్రోషూత్తో ఉందా, ఆంచోవీ ఉందా? అన్నం ఉండ చుట్టి వేయించే అరన్చీనానే చూడండి. గుండ్రంగా ఉంటే సాధారణంగా లోపల మాంసం. కోలగా ఉంటే "అల్ బుర్రో", పేరుకు వెన్నదే, కానీ చీజుతోపాటు అందులో చాలావరకు ప్రోషూత్తో ముక్కలుంటాయి. పాలకూర అరన్చీనా దొరికితే అది అడగండి. పనెల్లె కూడా మాంసపు అరన్చీనాలు వేగిన నూనెలోనే వేగవచ్చు. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు అదీ అడిగి తెలుసుకోవాలి. పనెల్లెతోపాటు దొరికే కాజ్జీల్లి మాత్రం మన ఆలూ వడకు దగ్గరి చుట్టం: ఉడికించిన బంగాళాదుంప, పార్స్లీ, కొందరు పుదీనా. పేరు విషయం మరొకటి: పలెర్మోలో "అరన్చీనా" అనే అనండి. "అరన్చీనో" సిసిలీలోనే మరో ఊరు కతానియావాళ్ళ మాట, ఈ ఊళ్ళో అది నచ్చదు.

స్ఫించోనె అనే మందపాటి మెత్తటి రొట్టె మీద టమాటా, ఉల్లి, కాచోకవాల్లో చీజు, రొట్టెపొడి, ఒరెగానో కనిపిస్తాయి. కనిపించనిది ఆంచోవీ, సాసులో కరిగిపోయి ఉంటుంది. దీన్ని మూడు చక్రాల "లాపా" మీద వీధివీధీ తిరిగి అమ్ముతారు. మన ఊళ్ళలో సరుకులు మోసే పియాజియో అపే ఆటో ఉందే, అదే బండి.

పాని కా మెవుజా గురించి దాచకుండా చెప్పాలి. అది దూడ ప్లీహం, ఊపిరితిత్తులు. ఉడికించి, సన్నగా కోసి, పంది కొవ్వులో వేడిచేసి బన్నులో పెడతారు. గొడ్డు మాంసం, పంది తిననివారికి అది కాదు. తినేవాళ్ళు "స్కియెత్తా" కావాలో "మారితాతా" కావాలో చెప్పాలి. మొదటిదానికి పెళ్ళికానిది అని అర్థం, నిమ్మరసం మాత్రమే. రెండోది పెళ్ళయినది, పైన రికోత్తా అనే మెత్తటి చీజో కాచోకవాల్లోనో పడుతుంది. మధ్యయుగాల్లో ఊళ్ళోని యూదు కసాయిలు కూలికి బదులు ఈ భాగాలు తీసుకునేవారనీ, వాటిని బన్నులో పెట్టి అమ్మడంతో ఇది పుట్టిందనీ అంటారు. ఈ పలెర్మో తిండిలో చాలా భాగం ఇలా లేనివాళ్ళు వదలకుండా వండుకున్నదే. దాని ముందు ముక్కు మూసుకుని ఫోటో దిగడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది. వద్దనుకుంటే "నో, గ్రాజ్యె" చాలు. బోటి కూర తినే తెలంగాణవాళ్ళకు సాయంత్రం పొగలో కాలే స్తిగ్గియోలా కొత్తగా ఉండదు: ఎక్కువగా గొర్రెపిల్ల పేగుల్ని ఉల్లికాడల చుట్టూ చుట్టి బొగ్గుల మీద కాలుస్తారు. ఏ జంతువుదో అడిగాకే తీసుకోండి, దూడవీ వాడతారు.

బన్ను చేతికొచ్చాక బల్లకు అడ్డం లేకుండా పక్కకు జరిగి, నిలబడే తినండి. ఆ సందుల్లో నేల అంతస్తు గది కొందరి ఇల్లు. గుమ్మం మెట్టు మీద కూర్చుంటే వాళ్ళ గడప తొక్కినట్టే. వుచ్చిరీయా అనే మరో సంతలో రాత్రి పొద్దుపోయేదాకా జనం ఉంటారు, పైన కిటికీల్లో పిల్లలు పడుకుంటారు. చర్చి మెట్ల మీద తినకండి, నూనె కాగితం చెత్తబుట్ట దొరికేదాకా జేబులో పెట్టుకోండి. ఇటలీలో ఇది మాటవరసకు చెప్పేది కాదు: ఫ్లోరెన్సులో 2018లో ఉఫీజీ మ్యూజియం దగ్గరి నాలుగు వీధుల్లో భోజనాల వేళ ఫుట్‌పాత్ మీదా గడపల మీదా ఆగి తింటే 500 యూరోల దాకా జరిమానా అన్నారు. కూతలు పెట్టి అమ్మేవాళ్ళను వీడియో తీయాలంటే ముందు ఏదైనా కొని, "పొస్సో?" (తీయొచ్చా?) అని అడగండి.

డిసెంబరు 13న, సాంతా లూచియా పండుగ రోజు, ఇవన్నీ మారిపోతాయి. 1646 కరువులో గోధుమల ఓడ రేవుకు వచ్చిందనీ, పిండి ఆడేదాకా ఆగలేక జనం గింజలే ఉడకబెట్టుకుని తిన్నారనీ చెప్పుకుంటారు. ఆ జ్ఞాపకంగా రొట్టె, పాస్తా మానేసి అరన్చీనాలు, పనెల్లె, ఉడికించిన గోధుమల్లో రికోత్తా కలిపిన కుచ్చీయా తింటారు. ఆ రోజు పనెల్లెను బన్ను లేకుండా, కాగితంలో పెట్టి ఇమ్మనండి.