చిన్నాయన డెస్క్‌టాప్ మీద 61 బాణాలు

ఈసారి బతుకమ్మకు ఇంటికి వచ్చినప్పుడు రెండు రోజులు మా చిన్నాయన డీటీపీ షాపులోనే కూర్చున్నాను. హన్మకొండ చౌరస్తా నుంచి లోపలికి పోయే ఒక గల్లీలో ఉంటుంది, 2006 నుంచి నడుపుతున్నాడు. పెళ్ళి కార్డులు, పాంఫ్లెట్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, జిరాక్స్, స్కానింగ్. దసరా దాటగానే కార్తీకం ముహూర్తాల కార్డులు మొదలవుతాయి కాబట్టి ఆ రోజుల్లో మనిషికి అన్నం తినే టైం కూడా దొరకదు.

నేను వెళ్ళిన మొదటి రోజే ఒకాయన బిడ్డ పెళ్ళి కార్డు ప్రూఫ్ కోసం వచ్చాడు. ముహూర్తం టైం మారిందని ముందురోజే ఫోన్‌లో చెప్పాడట, చిన్నాయన మార్చి పెట్టాడు కూడా. కానీ ఆ మార్చిన ఫైల్ డెస్క్‌టాప్ మీద ఎక్కడుందో కనపడదు. ‘ఫైనల్’ అని ఒకటి, ‘ఫైనల్ 2’ అని ఒకటి, ‘కొత్త ఫైనల్’ అని ఇంకొకటి, వాటి మధ్య ఎప్పుడో వేసిన వీడియో ప్లేయర్లు, మూడు బ్రౌజర్లు, షాపులో ఇప్పుడు లేని పాత ప్రింటర్ తాలూకు నాలుగు ఐకాన్లు. తొందరలో పాత ఫైలే తీసి ప్రింట్ ఇచ్చాడు. ఆయన చదువుకుని "ముహూర్తం పాతదే ఉంది సార్" అన్నాడు కాబట్టి సరిపోయింది. లేకుంటే 500 కార్డులు తప్పు ముహూర్తంతో పోయేవి, ఆ ఇంటివాళ్ళ ముందు చిన్నాయన తలెత్తుకోలేకపోయేవాడు.

ఆయన వెళ్ళాక స్క్రీన్ మీద లెక్కపెట్టాను. 94 ఐకాన్లున్నాయి. ఇవన్నీ ఎందుకు ఉంచినవ్ చిన్నాయనా అని అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "తీస్తే సాఫ్ట్‌వేర్ పోతదేమో బిడ్డా. మళ్ళ ఎక్కియ్యాలంటే మెకానిక్‌కు 500 ఇయ్యాలె, ఆయన వచ్చేదాంక షాపు బందు."

ఆ భయంతోనే ఇన్నేళ్ళుగా ఒక్క ఐకాన్ కూడా తీయలేదు. ఇది మా చిన్నాయన ఒక్కడి భయం కాదు. నాకు తెలిసిన ఇళ్ళల్లో, షాపుల్లో సగం మంది డెస్క్‌టాప్‌లు ఇట్లాగే ఉంటాయి, కారణం కూడా ఇదే. అందుకే ఇది రాస్తున్నాను.

ఐకాన్ కింద ఎడమ మూలన చిన్న బాణం గుర్తు ఉంటే అది షార్ట్‌కట్. చౌరస్తాలో కరెంటు స్తంభానికి మన షాపు బోర్డు కట్టి బాణం గీసి పెట్టినవ్ గదా చిన్నాయనా, ఇదీ అంతే, ఆ బోర్డు పీకేస్తే షాపు పోతుందా అని అడిగాను. ఆయనకు వెంటనే అర్థమైంది. షార్ట్‌కట్ అంటే అసలు ప్రోగ్రామ్ ఎక్కడుందో చెప్పే చిన్న ఫైల్, ఒకటి రెండు కేబీలు ఉంటుంది. విండోస్ 95 నుంచీ ఇదే పద్ధతి. దాన్ని డిలీట్ చేస్తే ప్రోగ్రామ్ సీ డ్రైవ్‌లో దాని చోట అది ఉంటుంది, స్టార్ట్ మెనూలో పేరు కొడితే వస్తుంది, అక్కడి నుంచి లాగి మళ్ళీ డెస్క్‌టాప్ మీద పెట్టుకోవచ్చు కూడా. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. షాపు ఖాళీ చేసి పోయినా బోర్డు అట్లాగే వేలాడుతుంటుంది చూశారా, ప్రోగ్రామ్ తీసేసినా కొన్నిసార్లు షార్ట్‌కట్ మిగిలిపోతుంది, నొక్కితే ఫైల్ దొరకడం లేదంటుంది. పాత ప్రింటర్ ఐకాన్లు నాలుగూ అవే.

బాణం లేనివి మాత్రం వేరే సంగతి. అవి అసలు ఫైళ్ళు, అసలు ఫోల్డర్లు. వాటిని డిలీట్ చేస్తే పని పోతుంది. ఈ రెండిటికీ తేడా తెలియకుండా ఎవరైనా "నీట్‌గా చేస్తాను" అని వచ్చి అన్నీ సెలెక్ట్ చేసి కొట్టేస్తే షాపు మునుగుతుంది, కాబట్టి చిన్నాయన భయం పూర్తిగా తప్పని నేను అనను.

ముందు ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, సార్ట్ బై లోకి వెళ్ళి ఐటమ్ టైప్ అని పెట్టాను. షార్ట్‌కట్లన్నీ ఒక పక్కకు చేరాయి. 61 ఉన్నాయి, మిగతా 33 ఫైళ్ళు, ఫోల్డర్లు, రీసైకిల్ బిన్. ఒక్కో షార్ట్‌కట్ చూపించి ఇది వాడతావా అని అడిగాను, ఎందుకంటే ఆ టేబుల్ దగ్గర రోజూ కూర్చునేది ఆయన, నాకు చెత్తలా కనపడింది ఆయనకు రోజూ పనికొచ్చేది కావచ్చు. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు అనూ స్క్రిప్ట్ మేనేజర్, ఫొటోషాప్, స్కానర్, ఒక బ్రౌజర్ ఉండాలన్నాడు. కొన్నిటి పేరు చూసి అదేంటో ఆయనకే తెలియలేదు. అట్లాంటి వాటి మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ అంటే అసలు ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూపిస్తుంది, పేరును బట్టి చాలావరకు తెలిసిపోతుంది.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో డెస్క్‌టాప్ క్లీనప్ విజార్డ్ అని ఒకటి ఉండేది, 60 రోజులకోసారి కింద మూలన బెలూన్ లాగా లేచి వాడని ఐకాన్లున్నాయి, తీయమంటావా అని అడిగేది. చిన్నాయనకు అది బాగా గుర్తుంది, లేచిన ప్రతిసారీ క్యాన్సిల్ కొట్టేవాడట. నిజానికి అది దేన్నీ చెరిపేది కాదు, వాడని షార్ట్‌కట్లను ఒక ఫోల్డర్‌లో పెట్టేది అంతే. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. అందుకే మేమూ ‘వాడనివి’ అని ఒక ఫోల్డర్ చేసి అనుమానం ఉన్నవన్నీ అందులో వేశాం, ఒక నెల చూసి ఎవరూ అడగకపోతే తీసేద్దామని. అనుమానం లేనివి అప్పుడే డిలీట్.

కొన్ని ప్రోగ్రామ్‌లు అసలే అక్కర్లేదు, వాటికి షార్ట్‌కట్ ఒక్కటి తీస్తే చాలదు. సెట్టింగ్స్‌లో యాప్స్ కి వెళ్ళి, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి, అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఐకాన్లు తగ్గితే కంప్యూటర్ ఫాస్ట్ అవుతుందని కూడా చాలామంది అనుకుంటారు. 61 షార్ట్‌కట్లు కలిపినా ఒక ఫొటో అంత సైజు ఉండదు, వాటితో స్పీడ్ ఏమీ మారదు. ఆన్ చేయగానే వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రామ్‌లతో స్లో అవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ దగ్గర అక్కర్లేనివి డిసేబుల్ చేస్తే ఆ తేడా తెలుస్తుంది. ఇంకొకటి, ఆయన బ్రౌజర్ ఐకాన్ నొక్కితే ప్రతిసారీ ఏదో సంబంధం లేని వెబ్‌సైట్ తెరుచుకునేది. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే, టార్గెట్ అన్న గడిలో ప్రోగ్రామ్ పేరు అయిపోయాక ఒక వెబ్ అడ్రస్ అతికించి ఉంది. ఆ షార్ట్‌కట్ తీసేసి కొత్తది పెట్టాను, పోయింది.

ఇక అసలు ఫైళ్ళు. డెస్క్‌టాప్ మీద పెట్టినవి మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. విండోస్ పాడైతే మెకానిక్ ఫార్మాట్ కొట్టేది సీ డ్రైవే. మూడేళ్ళ కింద ఒకసారి అట్లాగే ఒక సీజన్ కార్డులన్నీ పోయాయట, "డెస్క్‌టాప్ మీద కండ్ల ముందట ఉన్నయ్ గదా, ఎట్ల పోతయ్ అనుకున్న" అన్నాడు చిన్నాయన. ఆ మాటకు నాకు చాలా బాధేసింది. డి డ్రైవ్‌లో సంవత్సరం పేరుతో ఫోల్డర్, అందులో పెళ్ళివాళ్ళ ఇంటిపేరుతో, పెళ్ళి తేదీతో ఒక్కో ఫోల్డర్ పెట్టాం. ‘ఫైనల్’ అనే పేరు ఇక పెట్టొద్దని మాట తీసుకున్నాను. హార్డ్ డిస్కే పోతే డి డ్రైవ్ కూడా పోతుంది కాబట్టి వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ.

మర్నాడు పొద్దున నేను ఇంటి దగ్గర బతుకమ్మ పేర్చడానికి తంగేడు పూలు ఏరుతుంటే షాపులో డిజైనింగ్ చేసే తమ్ముడి ఫోన్. "అక్కా, స్కానర్ ఐకాన్ లేదు, ఇక్కడ నలుగురు నిలబడి ఉన్నరు." ఆ తమ్ముడికి అదే కంప్యూటర్‌లో వేరే అకౌంట్ ఉంది. ముందురోజు ఒకే రకం స్కానర్ ఐకాన్లు రెండు కనపడితే నేను ఒకటి తీసేశాను. ఆ తీసినది పబ్లిక్ డెస్క్‌టాప్ లోది. కొన్ని ప్రోగ్రామ్‌లు షార్ట్‌కట్‌ను ఒక్కరి డెస్క్‌టాప్‌లో కాకుండా సీ డ్రైవ్, యూజర్స్, పబ్లిక్ లోపల ఉండే డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో పెడతాయి, అది అన్ని అకౌంట్లలో కనిపిస్తుంది, ఒకరు తీస్తే అందరికీ పోతుంది. తీసేటప్పుడు అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలని అడిగింది, అప్పుడే నేను ఆగి ఆలోచించాల్సింది. తమ్ముడు తన రీసైకిల్ బిన్‌లో వెతికితే దొరకలేదు, ఎందుకంటే బిన్ ఎవరి అకౌంట్‌కు వాళ్ళదే. చిన్నాయన అకౌంట్ తెరిచి, బిన్‌లో ఆ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టోర్ కొట్టమన్నాను, వచ్చేసింది. రెండు కంప్యూటర్లలో ఒకే అకౌంట్‌తో వన్‌డ్రైవ్ (ఫైళ్ళను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు) డెస్క్‌టాప్ బ్యాకప్ పెట్టుకున్నవాళ్ళు కూడా ఇట్లాగే చూసుకోవాలి, ఒకదాంట్లో తీసింది రెండోదాంట్లోనూ పోతుంది.

సాయంత్రం షాపుకు వెళ్ళేసరికి ఒక కాలేజీ అబ్బాయి ప్రాజెక్టు రిపోర్ట్ ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ ఇచ్చి, త్వరగా కావాలని వెనకాల నిలబడి ఉన్నాడు. తెరిస్తే నాలుగు ఫోల్డర్లు కనపడ్డాయి. తమ్ముడు డబుల్ క్లిక్ చేయబోతుంటే చిన్నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగు, ఫోల్డర్‌కు బాణం ఎందుకున్నది?"

షార్ట్‌కట్ వైరస్. అసలు ఫోల్డర్లను దాచిపెట్టి అదే పేరుతో షార్ట్‌కట్లు పెడుతుంది, నొక్కితే వైరస్ మొదలై కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. స్కాన్ చేసి, అట్రిబ్ కమాండ్‌తో దాచిన ఫోల్డర్లను బయటికి తెచ్చి, ఆ నాలుగు షార్ట్‌కట్లను చిన్నాయనే డిలీట్ చేశాడు. అబ్బాయి రిపోర్ట్ 82 పేజీలు, ఒక్క పేజీ పోలేదు.