టెన్షన్ మీదున్నప్పుడు బీపీ మిషన్ చెప్పే నంబరు

రాత్రి అమెరికా కాల్ అయిపోయాక తల బరువెక్కితే అప్పుడు గుర్తొస్తుంది బీపీ మిషన్. 158/96 అని కనబడగానే చేయి టాబ్లెట్ల డబ్బా మీదికి పోతుంది, లేదంటే మిషన్ తిరిగి బీరువాలోకి పోతుంది. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లలో ఈ రెండు రకాల వాళ్లనూ చూస్తుంటాను. ఇంట్లో ఒక వారం బీపీ రాసి తెమ్మని డాక్టరు చెప్పినప్పుడు, ఆ గంటలో వచ్చిన నంబరును బట్టి ఏదీ తేల్చకూడదని ముందే అనుకున్నాను.

కారణం ఉంది. టెన్షన్‌లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. నంబరు అబద్ధం కాదు, కానీ అది ఆ గంటకే చెందుతుంది. చాలామంది వాడే బీపీ మాత్ర అమ్లోడిపిన్ రక్తంలో పూర్తిగా ఎక్కడానికే 6 నుంచి 12 గంటలు పడుతుంది. కంగారులో ఇంకోటి మింగితే అప్పటికప్పుడు తగ్గేది ఏమీ ఉండదు, మర్నాడు కళ్లు తిరగొచ్చు. రోజూ వేసుకున్నా దాని పని ఒక స్థాయికి రావడానికి వారం దాకా పడుతుంది. కాబట్టి రెండు రోజులు చూసి "ఈ మందు పనిచేయట్లేదు" అని మానేయడమూ తొందరపాటే.

చూసుకునే పద్ధతిలోనే సగం సంగతి ఉంది. పొద్దున లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, మందు, టిఫిన్ రెండింటికీ ముందు. మళ్లీ సాయంత్రం భోజనానికి ముందు. అరగంట ముందునుంచి చాయ్, సిగరెట్, వ్యాయామం ఉండకూడదు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఫోను పక్క గదిలో ఉంటే మంచిది, ఎందుకంటే ఆ ఐదు నిమిషాల్లో ఒక్క ఆఫీసు మెసేజ్ చదివినా కూర్చున్న ఫలితం పోతుంది. కఫ్‌ను, అంటే చేతికి చుట్టే పట్టీని, చొక్కా మీద కాకుండా చర్మానికే చుట్టాలి, దాని కింది అంచు మోచేతి మడతకు ఒక అంగుళం పైన ఉండాలి. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. చేయి 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే నంబరు ఏడెనిమిది ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న కఫ్ వేసినా అంతే, ఎక్కువ చూపిస్తుంది. మామూలు కఫ్ సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది, కొనేముందు టేపుతో కొలుచుకోండి. మణికట్టు మిషన్ కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. బాగున్నదాన్ని ఉంచుకుని బాగాలేనిదాన్ని కొట్టేయకూడదు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఎక్కువగా చేసేది అదే. ఏడు రోజులకు 28 నంబర్లు వస్తాయి. మొదటిరోజువి నాలుగు తీసేసి మిగిలిన 24కు సగటు కట్టాలి. ఇంట్లో సగటు 135/85 దాటితే అది క్లినిక్‌లో 140/90తో సమానం.

నంబర్ల పక్కన ఒక గడి గీసి రాత్రి నిద్ర, భోజనం వేళ, మింగిన మాత్రలు కూడా రాశాను. నిజంగా పనికొచ్చింది ఆ గడే. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది, రాత్రి పదకొండుకు యాప్‌లో బిర్యానీ, పక్కన ఊరగాయ. రోజంతటికీ ఉప్పు ఒక టీస్పూను, అంటే 5 గ్రాములు దాటకూడదు. ఒత్తిడిలో మెదడు కొత్తగా ఆలోచించదు, అలవాటైన దారినే పోతుంది. అందుకే రాత్రి ఏం తినాలో పొద్దునే తేల్చి పెట్టుకుంటాను, మాత్రల డబ్బా బ్రష్ పక్కనే ఉంచుతాను.

తలనొప్పి మాత్రల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బీపీని పెంచుతాయి, బీపీ మందుల పనిని తగ్గిస్తాయి, కిడ్నీలకూ మంచివి కావు. ముక్కు దిబ్బడకు ఇచ్చే కొన్ని సర్ది మాత్రలూ బీపీని పెంచుతాయి. బీపీ ఉందని షాపులో ముందే చెప్పండి. అటెనొలాల్, మెటొప్రొలాల్ అనే బీపీ మందులు వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపితే బీపీ, గుండె వేగం రెండూ ఎగసిపోవచ్చు, డాక్టరును అడగకుండా ఆపొద్దు.

180/120 వస్తే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక వైపు చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మళ్లీ చూసే పని పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయాలి. ఏ లక్షణమూ లేకున్నా అంతే వస్తుంటే ఆరోజే డాక్టరుకు చెప్పాలి. టెన్షనే నిద్ర పోనివ్వకపోతే 14416కి ఫోన్ చేసి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌లో తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చు. బీపీ చూపించుకోవడానికి, మందులకు ప్రభుత్వ బస్తీ దవాఖానా ఉంది, అక్కడా డబ్బు అడగరు.

డాక్టరు దగ్గరికి కాగితంతో పాటు మిషన్ కూడా పట్టుకెళ్లండి. వాళ్ల మిషన్‌తో ఒకసారి పోల్చి చూస్తే మీ 24 నంబర్లను ఎంతవరకు నమ్మాలో అక్కడే తేలిపోతుంది, మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.