ఎగిరే ఉడుతల లెక్క ఇంకా తేలలేదు

ఉడుత అనగానే మనకు గుర్తొచ్చేది పెరటి జామచెట్టు మీద తోక ఎగరేస్తూ తిరిగే చారల ఉడుత. రాముడు వేళ్ళతో నిమిరినందువల్లే దాని వీపు మీద ఆ మూడు చారలు ఏర్పడ్డాయని చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పేది. దాని దూరపు చుట్టాలైన ఎగిరే ఉడుతల గురించి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. పగలంతా తొర్రలో నిద్రపోయి, చీకటి పడ్డాకే బయటికి వచ్చే ఈ ప్రాణుల్లో అసలు ఎన్ని జాతులున్నాయన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలలేదు.

పేరులో ఎగరడం ఉన్నా, ఇవి గబ్బిలాల్లా రెక్కలాడించి ఎగరవు. ముంజేతి నుంచి వెనుక కాలి మడమ దాకా ఒంటికి ఇరుపక్కలా ఉన్న చర్మపు పొర, ఎత్తయిన కొమ్మ నుంచి దూకి కాళ్ళు బారజాపగానే విచ్చుకుని వాటిని గాలిలో తేలుస్తుంది. మణికట్టు దగ్గరున్న మృదులాస్థి పుల్ల ఆ పొర అంచును బిగించి పట్టి ఉంచితే, తోక సమతూకం చూసుకుంటుంది. పెద్ద జాతులు ఒక్క దూకుతో వంద మీటర్లకు పైగా సాగి, అవతలి చెట్టు మానును నాలుగు కాళ్ళతో కరుచుకోగలవు.

శాస్త్రవేత్తలు ఇప్పటికి సుమారు 50 జాతులను గుర్తించారు. వాటిలో అత్యధికం ఆసియావే. మన తూర్పు కనుమల్లోనూ, పడమటి కనుమల్లోనూ పిల్లి అంత ఉండే పెద్ద ఎగిరే ఉడుత ఉంది. ఉత్తర అమెరికాలో ఉన్నవి మూడే. అందులో మూడోది వేరే జాతి అని జన్యు పరీక్షలు తేల్చింది 2017లోనే.

నన్ను బాగా ఆకట్టుకున్నది హిమాలయాల ఉన్ని ఎగిరే ఉడుత. తోకతో కలిపి దాదాపు మీటరు పొడవుండే ఈ జంతువును 1888లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త ఓల్డ్‌ఫీల్డ్ థామస్ వర్ణించినా, తర్వాత దశాబ్దాల పాటు దాని జాడ తెలియక, అంతరించిపోయిందేమోనని అనుకున్నారు. 1994లో ఉత్తర పాకిస్తాన్ కొండల్లో పరిశోధకుడు పీటర్ జాలర్ దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. మందుగా వాడే శిలాజిత్తు కోసం కొండ గుహలకు ఎక్కే స్థానికులే దాన్ని పట్టి తెచ్చి ఆయనకు చూపించారు. దేవదారు జాతి చెట్ల సూదుల్లాంటి ఆకులు దీని ఆహారం, అంత గరుకైన మేతను నమిలేందుకు తగినట్టే దాని దవడ పళ్ళు కూడా బాగా ఎత్తుగా ఉంటాయి. ఒకే జాతి అనుకున్న ఈ ఉన్ని ఉడుతకు టిబెట్‌లో ఒకటి, చైనాలోని యున్నాన్‌లో ఒకటి, మరో రెండు జాతులు తోడున్నాయని 2021లో ప్రకటించారు. అవి మ్యూజియాల్లో ఏళ్ళ తరబడి భద్రంగా ఉన్న చర్మాలను, పుర్రెలను మళ్ళీ పరీక్షించడం వల్ల కూడా బయటపడ్డాయని చదివినప్పుడు, పాత నమూనాలను జాగ్రత్తగా దాచేవారి మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

అరుణాచల్ ప్రదేశ్‌లోని నమ్దఫా ఎగిరే ఉడుత సంగతి మరీ బాధాకరం. 1981లో వర్ణించిన ఈ జాతికి ప్రసిద్ధ జంతుశాస్త్రవేత్త బిశ్వమోయ్ బిశ్వాస్ గౌరవార్థం పేరు పెట్టారు. శాస్త్రానికి దాని ఉనికిని నిరూపించినది ఒకే ఒక్క నమూనా. దాని ప్రజాతికి చెందిన దగ్గరి బంధువులు లావోస్‌లో 2013లోనూ, యున్నాన్‌లో 2019లోనూ వెలుగుచూశాయి. లావోస్ ఉడుత దొరికింది అడవి మాంసం అమ్మే సంతలో. నమ్దఫా అడవిలోనూ వేట ఈ జాతికి ముప్పే.

ఆ అడవిలో ఏదో ఒక రాత్రి టార్చి వేసుకుని చెట్ల కొసలను వెతుకుతూ నడవాలని నా చిరకాల కోరిక. అయితే అక్కడే ఉండే ఎర్రని పెద్ద ఎగిరే ఉడుత చూపులకు దీన్నే పోలి ఉంటుంది గనుక, అంత ఎత్తున, అంత చీకట్లో మెరిసిన రెండు కళ్ళు దేనివో నేలమీద నిలబడినవారు చెప్పలేరు.