మూడో తరగతిలో ఫోటో ఫోటోగా సినిమా: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చాం

జూలై

ఇంట్లో తీరిక దొరికితే వీడియోలు ఎడిట్ చేసుకోవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న సరదా. ఈ ఏడాది ఆ సరదాని మా మూడో తరగతిలోకి తీసుకొచ్చాను. ఎనిమిదేళ్ల పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి వీడియో తీయమంటే ఒకరి మొహం ఒకరు తీసుకోవడంతోనే పీరియడ్ అయిపోతుంది. అందుకే రికార్డ్ బటన్ జోలికి పోలేదు. ఒక్కో ఫోటో తీసి, వరసగా పేర్చి కదలిక పుట్టించే స్టాప్ మోషన్‌తో మొదలుపెట్టాం. ముందు ఫోటోకీ దీనికీ ఏం మారిందో చూసుకోకపోతే ఈ పని ముందుకు సాగదు. పిల్లలకు నిదానంగా చూడటం అలవాటు కావాలి, నాకు కావలసింది అదే.

మొదటి సినిమా పరిసరాల విజ్ఞానం పాఠంలోంచే తీసుకున్నాం: మొలకెత్తే గింజ. దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీయకముందు, 1912లో, బఠానీ మొక్క పెరగడాన్ని కొంచెం కొంచెంగా ఫిల్మ్ మీదికి ఎక్కించి చిన్న సినిమా చేశారు. పెద్ద సినిమాకి పెట్టుబడి పెట్టమని అడగడానికి దాన్నే చూపించారు. ఈ సంగతి చెప్పగానే మావాళ్లకు హుషారు వచ్చేసింది. "మనం బొబ్బర్లతో తీద్దాం టీచర్" అన్నారు. బొబ్బర్లయితే ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, త్వరగా మొలకెత్తుతాయి.

గాజు గ్లాసులో తడి దూది కుక్కి, గింజని గాజుకీ దూదికీ మధ్య బయటికి కనిపించేలా పెట్టాం. వెనకాల నల్ల చార్ట్ అతికించాం. గ్లాసు అడుగు చుట్టూ బల్ల మీద మార్కర్‌తో గీత గీశాం, ఫోన్ స్టాండ్ కాళ్ల చుట్టూ కూడా. రోజూ ఫోన్ తీసి మళ్లీ పెట్టాలంటే ఆ గీతలే ఆధారం. కిటికీ దగ్గర పెడితే పొద్దున ఒక వెలుతురు, మధ్యాహ్నం ఇంకోటి. సినిమాగా చూసినప్పుడు అది మిణుకుమిణుకుమంటుంది. అందుకని గది లోపలి మూలకి జరిపి, ట్యూబ్‌లైట్ కిందే ఉంచాం. ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి ఎంత వెలుతురు రావాలన్నది) మారకుండా లాక్ చేస్తే మేలు. కెమెరా తెర మీద వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో లాక్ పడుతుంది.

ఆగస్టు

ప్రార్థన అయ్యాక ఒకటి, ఇంటర్వెల్‌లో ఒకటి, అన్నాలయ్యాక ఒకటి, చివరి బెల్లుకి ముందు ఒకటి. రోజుకు 4 ఫోటోలు, పది రోజులకు 40. సెకనుకు 8 చొప్పున పేరిస్తే 5 సెకన్లు. ఎనిమిదో ఎక్కం అప్పజెప్పమంటే నసిగే పిల్లలు ఈ లెక్క మాత్రం గోడ మీద చాక్‌పీస్‌తో వేసి, "ఇంకో అయిదు సెకన్లు కావాలంటే ఎన్ని?" అని ఒకరినొకరు అడిగారు. సినిమాహాల్లో సెకనుకు 24 బొమ్మలు. పిల్లల పనికి 8 బాగా సరిపోతుంది. అంతకన్నా పెంచితే పని ఎక్కువై ఓపిక చచ్చిపోతుంది.

ముందు ఆకు వస్తుందని అందరూ అనుకున్నారు. వేరు వచ్చింది. ఆ తర్వాత కాడ మెడ వంచుకుని పైకి లేచి, రెండు బద్దల్నీ దూదిలోంచి లాక్కొచ్చింది. సినిమా వేసి చూస్తే మొక్క ప్రతి ఉదయం ఒక్కసారిగా గెంతుతోంది. "మనం లేనప్పుడు ఎక్కువ పెరుగుద్ది టీచర్" అన్నాడొకడు. కాదని నేను చెప్పలేదు. వెనక బెంచీలోని పాప వేళ్లు మడిచి లెక్కపెట్టింది: సాయంత్రం నాలుగు నుంచి పొద్దున తొమ్మిది దాకా పదిహేడు గంటలు, బడిలో ఏడే గంటలు. "అంతసేపు ఫోటోనే తియ్యలేదుగా మనం!" అంది. ఈ ఏడాది మొత్తంలో నాకు దక్కిన గొప్ప సంతోషం అదే. ఆ మాట నేనే చెప్పేసి ఉంటే రెండో రోజుకి మర్చిపోయేవాళ్లు.

సెప్టెంబరు

రెండో సినిమా: బెల్లం ముక్క కోసం బయల్దేరిన చీమలు. మినుములు మూడేసి కలిపి ఒక్కో చీమ. గింజలు దొర్లిపోకుండా కింద చిటికెడు బంకమట్టి. బల్ల మీద చార్ట్ పరిచి, రెండు పక్కలా పుస్తకాల దొంతర్లు పేర్చి, వాటి మీద అడ్డంగా చెక్క స్కేళ్లు పెట్టి, కెమెరా కిందికి చూసేలా ఫోన్ పెట్టాం. స్టాండ్ కన్నా ఇదే గట్టిగా ఉంది. ఫ్యాన్ ఆపాలి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. షట్టర్ కోసం తెర తాకితే ఫోన్ కదులుతుంది కాబట్టి వైర్ ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్ వాడాం; చాలా ఫోన్లలో అది పనిచేస్తుంది. స్టాప్ మోషన్ స్టూడియో యాప్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో ముందు తీసిన ఫోటో లేతగా వెనక కనబడుతుంది, ఎంత జరిపామో వెంటనే తెలుస్తుంది.

గుంపుకు నలుగురు: ఇద్దరు చీమల్ని జరపాలి, ఒకరు ఫోటో తీయాలి, ఒకరు "చేతులు!" అని కేకెయ్యాలి. ఆ కేక తర్వాత అందరి చేతులూ వెనక్కి వెళ్లాలి, అప్పుడే క్లిక్. ప్రతి పది ఫోటోలకూ పనులు మారాలి, లేకపోతే కెమెరా కోసం తగువే. ఒక్కో జరుపు అర సెంటీమీటరు. చార్ట్ అంచున స్కేలుతో గుర్తులు పెట్టుకున్నాం. మూల మీద మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఇంకా తక్కువ జరపాలని వాళ్లే కనిపెట్టారు.

గొంతులు తర్వాత విడిగా పెట్టాం. కాగితం చూసి చదివితే పద్యం అప్పజెప్పినట్టే వస్తోంది. అందుకని శబ్దం లేని సినిమా టీవీలో వేసి, చూస్తూ చెప్పమన్నాను. ఫోన్ నోటికి జానెడు దూరంలో. ఇంట్లో మాట్లాడే యాసలోనే చెప్పారు, అలాగే ఉంచాను. వంటగది పళ్లేల చప్పుడు పడకుండా ఉండాలంటే పొద్దున మొదటి పీరియడే నయం.

తల్లిదండ్రుల సమావేశంలో రెండూ చూపించాం. ఎక్కడా అప్‌లోడ్ చేయలేదు, చేయను కూడా. చీమలూ మొక్కలూ తప్ప పిల్లల మొహాలు ఇందులో లేవు, గొంతులకు కూడా ఇళ్లలో అడిగే తీసుకున్నాం.

ఇప్పుడు నడుస్తున్నది

మళ్లీ బొబ్బర్లే. ఈసారి వేరు కాస్త పొడవయ్యాక గ్లాసుని పక్కకి పడుకోబెట్టాం. వేరు కొస ఎటు తిరుగుతుందో ఒక్కొక్కరూ ముందే తమ నోటుబుక్కులో బొమ్మ గీసి పెట్టుకున్నారు. సగం మంది అడ్డంగానే పోతుందని గీశారు. రాత్రి ఖాళీ తగ్గించడానికి, బడి పక్కింట్లో ఉండే ఒక తల్లి సాయంత్రం ఏడింటికి గ్లాసునీ, నల్ల చార్టునీ, ఈసారి బల్ల మీద కాకుండా గీతలు గీసుకున్న అట్టనీ ఇంటికి తీసుకెళ్లి ఓ ఫోటో తీసిస్తానంది. వాళ్లింట్లో లైటు పసుపు రంగుది. ఆ ఫోటోల రంగు సరిచేయడం నా వంతు.