బరంపురంలో కాపురం, పెందుర్తిలో అద్దె ఇల్లు

పెద్దబజారులోని మా బట్టల దుకాణంలో సాయంత్రం గిరాకీ తగ్గాక కూర్చునే నలుగురిలో ఎవరో ఒకరు నెలకొకసారైనా ఈ మాట ఎత్తుతారు: విశాఖపట్నంలో ఇల్లు కొని అద్దెకిస్తే నెలనెలా ఏమైనా మిగులుతుందా? 2019లో ఒకటి, 2022లో మరొకటి కొన్నవాణ్ణి గనుక అందరూ నావైపే చూస్తారు. 1936లో గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో చేరినా, బరంపురం తెలుగువారి వియ్యాలు, ఆసుపత్రి ప్రయాణాలు దక్షిణం వైపుకే సాగుతున్నందున, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మన చూపు ఇచ్ఛాపురం దాటి విశాఖ మీద పడడంలో వింతేమీ లేదు.

మొదట కొన్నది గాజువాకలో వెయ్యి చదరపు అడుగుల పాత ఫ్లాటు. ధర 32 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిసి 2 లక్షల 40 వేలయ్యాయి. బ్రోకరుకు 32 వేలు, రంగులకూ కుళాయిలకూ 70 వేలు పోగా మొత్తం 35 లక్షల 42 వేలు తేలింది. అద్దె 14 వేలు ఖాయమని బ్రోకరు చెప్పాడు. 11 వేలకు మించి ఎవరూ ఇవ్వలేదు. ఆ మాట నమ్మే ముందు అదే వీధిలో టులెట్ బోర్డు కనిపించిన నాలుగిళ్ల తలుపు తట్టి అడిగి ఉంటే సరిపోయేది. ఆ పని చేయకపోవడం నా తప్పే.

ఏడాదికి 1,32,000 అనుకున్న అద్దెలో ఒక నెల ఖాళీకి 11 వేలు, కొత్త మనిషిని కుదిర్చినందుకు కమీషను 5,500, మున్సిపల్ పన్ను 4 వేలు, మరమ్మతులకు 10 వేలు, నా రాకపోకలకు 6 వేలు తీసేస్తే మిగిలింది 95,500. పెట్టిన డబ్బు మీద అది 2.7 శాతం. బ్యాంకులో వేసి ఊరుకున్నా అంతకంటే ఎక్కువే వచ్చేది. పోనీ బ్యాంకు అప్పుతో కొని ఉంటే ఎలా ఉండేదని లెక్క వేశాను: ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 లక్షలు ఇరవై ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలవారీ వాయిదా సుమారు 17,350. అద్దె అంతా కట్టేసినా ఇంకా ఆరు వేల పైచిలుకు దుకాణం గల్లాలోంచి తీయవలసి వచ్చేది. నెలసరి ఆదాయం కోసమని అప్పు చేసి ఫ్లాటు కొనేవారిని నేను వద్దనే అంటాను.

లెక్కకు అందనిది దూరం. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు వాచ్‌మన్ ఫోను చేసి, "బాబుగారూ, కింద ఫ్లాటువారి సీలింగులోంచి నీళ్లు కారుతున్నాయండి, మీరే రావాలంటున్నారు" అన్నాడు. మర్నాడు రైలెక్కి నాలుగైదు గంటలు ప్రయాణం చేసి వెళ్లి చూస్తే, కింది ఇంటావిడ మంచం పక్కకు జరిపి, సీలింగు మీద పళ్లెమంత తెల్లటి మచ్చ కింద స్టీలు గిన్నె పెట్టి ఉంచారు. బొట్టు పడినప్పుడల్లా ఆమె గిన్నె వైపు కాకుండా నా వైపు చూశారు. మా స్నానాలగదిలో నాలుగు పలకలు పీకి పైపు మార్చడానికి 9 వేలయ్యాయి. రెండు రోజులు దుకాణం మూతపడడం ఆ లెక్కలో లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక అద్దెకున్నవారు సామాను సర్దుకుని సొంతూరు వెళ్లిపోతే, రైళ్లు నడవక, తాళం తీసి చూపించే మనిషి లేక, నాలుగు నెలలు ఫ్లాటు ఖాళీగా ఉంది.

విశాఖలోనే ఎన్‌ఏడీ కూడలి దగ్గర మా బావమరిది ఉన్నాడు గాని, చుట్టాన్ని ఊరికే తిప్పితే మూడోసారికి ఫోను ఎత్తడు, అందులో అతని తప్పూ లేదు. ఇప్పుడు పెందుర్తిలో ఎలక్ట్రికల్ దుకాణం నడిపే ఒకాయనకు నెలకు వెయ్యి ఇస్తున్నాను. తాళంచెవి, ప్లంబరు నంబరు, ఖాళీ చేసేటప్పుడు మీటరు రీడింగు ఫోటో తీయడం ఆయన బాధ్యత.

రెండోసారి ఫ్లాటు జోలికి పోలేదు. విడివిడి పోర్షన్లున్న పాత ఇల్లయితే ఒకరు వెళ్లిపోయినా మిగతా అద్దెలు వస్తాయన్నది నా ఆలోచన. వేపగుంటలో ఒకటి చూపించారు. చుట్టుపక్కల ధర కంటే బాగా తక్కువ. అక్కడివారికి చెప్పనక్కర్లేదు గాని మనవారికి తెలియాలి: సింహాచలం దేవస్థానం భూముల వివాదమున్న పంచగ్రామాల్లో అదొకటి. సర్వే నంబరు చూస్తే 22ఏ నిషేధిత జాబితాలో ఉంది, అంటే రిజిస్ట్రేషన్ జరగదు. జనరల్ పవరాఫ్ అటార్నీ, అంటే యజమాని తరఫున వ్యవహరించే అధికారపత్రం, మీద రాసిస్తామన్నారు. అటువంటి కాగితంతో స్థిరాస్తి మీద హక్కు బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. నేను లేచి వచ్చేశాను.

చివరకు పెందుర్తిలో మూడు పోర్షన్ల ఇల్లు 44 లక్షలకు కుదిరింది. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ప్లాను మంజూరు కాగితం అక్కడి వకీలుకు చూపించాకే అడ్వాన్సు ఇచ్చాను. మా పట్టాలో డెసిమల్ అంటే అక్కడి సెంటే అయినా, గజాల్లో మాట్లాడే ఊళ్లో కొనేటప్పుడు సెంటుకు 48.4 గజాలన్నది గుర్తుంచుకోవాలి. అద్దెలు 7,500, 6,500, 5,000. ఖాళీ రోజులు, పన్ను, మరమ్మతులు, ఎలక్ట్రికల్ దుకాణమాయనకిచ్చే 12 వేలు, రాకపోకలు అన్నీ తీసేస్తే ఏడాదికి లక్షా 60 వేలు చేతికి వస్తున్నాయి. రిజిస్ట్రేషన్, బాగుచేతలతో కలిపి పెట్టిన 49 లక్షల పైచిలుకు మీద ఇది మూడుంపావు శాతం. గొప్పేమీ కాదు. అయితే బ్యాంకు వడ్డీ మొత్తం ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. అద్దెలో మాత్రం, చెల్లించిన మున్సిపల్ పన్ను పోను మిగిలినదానిలో 30 శాతం, మనం ఖర్చు పెట్టినా పెట్టకపోయినా, మినహాయిస్తారు. పైగా అద్దె ఏటా కొంత పెరుగుతుంది. ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నా రిటర్ను బరంపురం నుంచే వేసుకోవచ్చు.

ఒప్పందం పదకొండు నెలలకే రాసుకుంటాం. సముద్రానికి దగ్గరి ఇళ్లు నేను చూడను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఊచలు ఎలా ఉంటాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాకు ఎటూ తేలని సంగతి ఒకటుంది. ఆ దస్తావేజులన్నీ తెలుగులో ఉన్నాయి. మా అబ్బాయి ఒడియా బడిలో చదివాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. ప్రస్తుతానికి ప్రతి కాగితం వెనుకా అదేమిటో పెన్సిలుతో ఒడియాలో ఒక వాక్యం రాసి పెడుతున్నాను. ఇంకా సగం కట్ట మిగిలి ఉంది.