ఉస్మాన్ ప్రతికి ముందు, తరువాత

మూడవ ఖలీఫా ఉస్మాన్ కాలంలో, సుమారు 650 ప్రాంతంలో, ప్రవక్త లేఖకుడు జైద్ ఇబ్న్ సాబిత్ ఆధ్వర్యంలో ఖురాన్ పాఠం ఒకే ప్రతిగా స్థిరపడిందని ఇస్లాం సంప్రదాయం చెబుతుంది. దీనిని కాదని, గ్రంథం ఇప్పటి రూపానికి ఎనిమిదో శతాబ్దం చివరికి గానీ రాలేదని 1977లో చరిత్రకారుడు జాన్ వాన్స్‌బ్రో వాదించారు. గుంటూరులో చరిత్ర చదివే మిత్రులు కొందరు ఇప్పటికీ దానినే తుది తీర్పుగా భావిస్తున్నారు. రాతప్రతులు ఆ వాదాన్ని నిలవనీయలేదని నా దృఢమైన అభిప్రాయం.

బర్మింగ్‌హామ్‌లోని పాత ఖురాన్ రాతప్రతి తాలూకు రెండు ఆకుల చర్మం 568–645 మధ్య కాలానిదని 2015లో కార్బన్ పరీక్ష ఫలితం వెల్లడైంది. ఆ పరీక్ష తేల్చేది చర్మం వయసునే గాని సిరా వయసును కాదు. అంతకంటె బలమైన ఆధారాన్ని 2019లో భాషా పరిశోధకుడు మరైన్ వాన్ పుట్టెన్ చూపారు. ‘దేవుని అనుగ్రహం’ అనే అరబ్బీ పదబంధంలోని మొదటి మాట చివరి అక్షరాన్ని రెండు విధాలుగా రాయవచ్చు. ఏ చోట ఏ విధంగా రాయాలన్నదానికి నియమం లేదు. అయినా పద్నాలుగు ప్రాచీన ప్రతులలో ఆయా చోట్ల దాదాపు ఒకే రాత కనిపిస్తుంది. మూలంగా ఒకే లిఖిత ప్రతి ఉండి, దానిని చూసి రాస్తే తప్ప ఇది సాధ్యం కాదు.

అంతమాత్రాన పాఠానికి చరిత్రే లేదనడం కూడా సరికాదు. 1972లో యెమెన్‌లోని సనా పెద్ద మసీదులో బయటపడిన ప్రతులలో, పాత రాతను చెరిపి మళ్లీ రాసిన చర్మపత్రం ఒకటి ఉంది. పైరాత ఉస్మాన్ పాఠమే. అడుగురాతలో మాత్రం కొన్ని పదాలు, సూరాల (అధ్యాయాల) వరుస వేరు. ఇబ్న్ మసూద్, ఉబయ్ వంటి ప్రవక్త సహచరుల ప్రతులలో ఇటువంటి తేడాలు ఉండేవని ముస్లిం పండితులే శతాబ్దాల క్రితం నమోదు చేశారు కనుక, దీనిని చూసి విశ్వాసులు కలవరపడనక్కరలేదు, విమర్శకులు విజయోత్సాహం చూపనక్కరలేదు.

తొలి ప్రతులలో అచ్చుల గుర్తులు లేవు, ఒకే ఆకారంలోని అక్షరాలను వేరుచేసే చుక్కలు కూడా అరుదు. కాబట్టి రాతతో పాటు కంఠపాఠాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. రంజాన్‌లో మా లాలాపేట మసీదులో తరావీహ్ అనే రాత్రి నమాజు చేయించే హాఫిజ్ (ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవారు) ఒక్క మాట తడబడితే, వెనుక వరుసలోని మరో హాఫిజ్ వెంటనే అందిస్తారు. ఆ కంఠపాఠంలోనూ భేదాలుండగా, 936లో మరణించిన పండితుడు ఇబ్న్ ముజాహిద్ ఏడు పఠన సంప్రదాయాలను ప్రామాణికంగా ఎంచారు.

ఇక నిజంగా తేలవలసింది 632లో ప్రవక్త మరణానికీ ఉస్మాన్ ప్రతికీ నడుమ, రెండు దశాబ్దాలు కూడా నిండని కాలంలో, సహచరుల ప్రతులు ఎంత స్వేచ్ఛగా వ్యాపించాయన్నదే.