కొత్త యాంప్లిఫయర్ అదిరిందన్నాను, తమ్ముడు మీటర్ పట్టుకొచ్చాడు

నిన్న రాత్రే జరిగింది, ఇంకా కడుపుమంట తగ్గలేదు. నా పాత 50 వాట్ల యాంప్లిఫయర్ పక్కన కొత్త 100 వాట్లది పెట్టి విని, ఏది ఉంచుకోవాలో తేల్చుకుందామనుకున్నాను. వైర్లు బిగించడం పావుగంట పని. ప్లస్, మైనస్ మాత్రం రెండుసార్లు చూసుకోండి, ఒక స్పీకర్‌కి తారుమారైతే బేస్ పలచబడిపోతుంది, గాయకుడు మధ్యలో నిలబడకుండా గదంతా తిరుగుతాడు.

మొదటి పాటకే ఫిదా అయిపోయాను. గిటార్ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపిస్తోంది, గొంతు ముందుకొచ్చి కూర్చుంది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. వాడు అంతా విని, "రెండిటి వాల్యూమ్ సమానం చేశావా అన్నయ్యా?" అన్నాడు. చెవికి సమానంగానే ఉందన్నాను. అక్కడే దొరికిపోయాను.

సాయంత్రం మల్టీమీటర్‌తో దిగాడు. 60 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలిస్తే పాతది 2.83 వోల్టులు, కొత్తది 3.17. అంటే సౌండ్ కొలిచే లెక్కలో దాదాపు 1 డెసిబెల్ ఎక్కువ. అంత చిన్న తేడా మనకి సౌండ్ పెరిగినట్టు అనిపించదు, క్వాలిటీ పెరిగినట్టు అనిపిస్తుంది. కొన్నచోట డెమోలో ఖరీదైనది పెట్టేముందు షాపువాడు నాబ్ కొంచెం తిప్పడం కళ్లారా చూశాను, అప్పుడు బుర్రకెక్కలేదు. మీరు వెళ్తే పాట తర్వాత వినండి, ముందు వాడి చెయ్యి చూడండి.

వాల్యూమ్ సమానం చేశాక నా కళ్లకు గంతలు కట్టాడు. బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది, మొత్తం 16 సార్లు. కనీసం 12 సరిగ్గా చెప్తేనే లెక్క, లేకపోతే చీకట్లో రాయి విసిరినట్టే అన్నాడు. మొదటి నాలుగూ కరెక్ట్! ఐదోసారి వాడికి అనుమానమొచ్చి ఎలా చెప్తున్నావని అడిగాడు. నిజం చెప్పాలంటే నేను పాట విననే లేదు. వైర్లు మార్చాల్సి వస్తే వాడు వెనకాల ఎక్కువసేపు తడుముతున్నాడు, అక్కర్లేనప్పుడు చటుక్కున లేస్తున్నాడు, నేను పట్టుకున్నది ఆ తేడా. మళ్లీ మొదటి నుంచి. ఈసారి మార్చినా మార్చకపోయినా ప్లగ్గులన్నీ పీకి పెట్టాడు.

16లో 7.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆవిడ, "ఆ నాణేన్ని అడిగినా 8 చెప్పేది" అంది.

పరువు నిలబెట్టుకోవడానికి తమ్ముడి ట్యూబ్ యాంప్, అదే గాజు వాల్వులతో నడిచే యాంప్లిఫయర్, తెప్పించాను. దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే స్పీకర్‌కి కరెంట్ పంపే చోట దాని సొంత అడ్డు, ఎక్కువ, కాబట్టి స్పీకర్‌ని బట్టి కొన్ని స్వరాలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. అది 16లో 14 సార్లు పట్టేశాను, బేస్ వదులుగా ఊగుతోంది మరి. చెవులు బాగానే ఉన్నాయండీ!

ఇక 100 వాట్ల సంగతి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్లే, అదీ ఫుల్లుగా పెడితే. నేను వినే సౌండ్‌కి ఒక వాటు దాటితే గొప్ప. కొత్తది మళ్లీ అట్టపెట్టెలోకి ఎక్కింది. రేపు వాపసివ్వడానికి వెళ్తే "నెల రోజులు వాడితేగానీ సౌండ్ తెరుచుకోదు సార్" అని షాపువాడు అంటాడని తెలుసు, అందుకే తమ్ముడి మీటర్ జేబులో వేసుకెళ్తున్నా.